మెడ బిళ్ళకి తొందర, మెదడు టీబీకి తాత్సారం

దేశంలో ఏటా నమోదయ్యే టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు ఊపిరితిత్తుల బయట వచ్చేవే. మెడ బిళ్ళల్లో (అంటే వాచిన లింఫ్ గ్రంథుల్లో), ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలో, వెన్నుపూసల్లో, పేగుల్లో, గర్భాశయంలో, మెదడు పొరల్లో. పిల్లల్లో ఈ వాటా ఇంకా ఎక్కువ. వీళ్ళలో చాలామందికి దగ్గు ఉండదు, తెమడ రాదు. కాబట్టి తెమడ డబ్బా ఇచ్చి పంపితే పట్టుబడే జబ్బు కాదిది. జబ్బు ఎక్కడుందో అక్కడి నుంచే నమూనా తీయాలి.

సరిగ్గా అక్కడే మనం పనిని తలకిందులు చేస్తున్నాం. మెడలో బిళ్ళ ఉంటే రెండు వారాలు ఆగి పరీక్ష చేసుకోవచ్చు, కొంప మునగదు. అక్కడేమో ఏ ఆధారమూ లేకుండా ఆర్నెల్ల మందులు మొదలుపెట్టేస్తున్నారు. మెదడు పొరల టీబీలో ఒక్కో రోజు ఆలస్యానికీ పిల్లాడి చూపో, నడకో, మాటో పోతుంది. అక్కడేమో రిపోర్టు కోసం ఎదురు చూస్తున్నారు. ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు బిళ్ళల సంగతి. పిల్లల మెడలో సెంటీమీటరు లోపు ఉండి, వేలితో కదిపితే జారిపోయే బిళ్ళలు మామూలే. తలలో పుండ్లు, పేలు, టాన్సిల్స్, పుచ్చిపళ్ళు, వీటిలో ఏదున్నా కడతాయి. అనుమానించాల్సింది నొప్పి లేకుండా 2 సెంటీమీటర్లు దాటి, రెండు వారాలైనా తగ్గకుండా, పక్కదానితో అతుక్కుని గుత్తిగా మారే బిళ్ళను. పెద్దలు గండమాల అన్నది దీన్నే. జ్వరం ఉండాలని లేదు. బిడ్డ హుషారుగా ఆడుకుంటూనే ఉండొచ్చు.

మొదట ఒక విడత మామూలు యాంటీబయాటిక్, అమాక్సిసిలిన్ లాంటిది, వారం పది రోజులు వాడటం సబబే. లీవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లినెజోలిడ్, అమికాసిన్ మాత్రం ఈ దశలో వద్దు. ఇవి టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తాయి. బిళ్ళ కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది, క్రిమి పరీక్షకు చిక్కకుండా పోతుంది, నెల తర్వాత మళ్ళీ వాస్తుంది. మందుల షాపులో చీటీ లేకుండా ఆఫ్లాక్సాసిన్ దొరికే మన ఊళ్ళలో ఇది రోజూ జరుగుతున్న నష్టం.

అప్పటికీ తగ్గకపోతే సూది పరీక్ష, అదే ఎఫ్‌ఎన్‌ఏసీ. ఇక్కడ చిన్న మెలిక ఉంది. సన్నటి సూదితో తీసిన పదార్థాన్ని గాజు పలకల మీద పూసి పాథాలజీకి పంపి ఊరుకుంటే సగం పనే అయినట్టు. మరోసారి సూది గుచ్చి తీసినదాన్ని శుభ్రమైన గొట్టంలో ఒక మిల్లీలీటరు నార్మల్ సెలైన్‌లో కడిగి, టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్‌కో ట్రూనాట్‌కో పంపాలి, వీలైతే క్రిమిని పెంచి చూసే కల్చర్‌కి కూడా. బిళ్ళల నమూనాల్లో సీబీనాట్ బాగానే పట్టుకుంటుంది, పైగా రిఫాంపిసిన్‌కి క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. పలక మీద 'గ్రాన్యులోమా' (కణాలు గుమిగూడి కట్టే చిన్న ముద్ద) అని వచ్చినంత మాత్రాన టీబీ ఖాయం కాదు. సార్కాయిడోసిస్‌లో, ఫంగస్‌లో, కొన్ని లింఫోమాల్లో (లింఫ్ గ్రంథుల క్యాన్సర్లలో) కూడా అది కనబడుతుంది.

ఇక ఆపరేషన్ థియేటర్లో జరిగే పొరపాటు. బిళ్ళ మొత్తం తీసినా, వెన్నుపూస నుంచి ముక్క తీసినా, నర్సు చేతిలో సిద్ధంగా ఉండేది ముక్క కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం పోసిన డబ్బా. ముక్క అందులో పడిందంటే క్రిమి చచ్చిపోతుంది, కల్చర్ అసాధ్యం, సీబీనాట్‌కి కూడా ఆ నమూనా పనికిరాదు. రెండు డబ్బాలు ఉండాలి. ఒకటి ఫార్మలిన్‌తో పాథాలజీకి, రెండోది ముక్క ఎండిపోకుండా నార్మల్ సెలైన్‌తో టీబీ పరీక్షలకు. ఆపరేషన్‌కి ముందు రోజే మీరు సర్జన్‌ను అడగండి: "డాక్టర్ గారూ, టీబీ పరీక్షకి ముక్క సెలైన్‌లో పంపుతున్నారు కదా?" ఈ ఒక్క ప్రశ్న బిడ్డకి రెండో ఆపరేషన్ తప్పించగలదు. ప్రైవేటు ఆసుపత్రిలో తీసిన నమూనాను కూడా ప్రభుత్వ టీబీ కేంద్రంలో ఉచితంగా పరీక్షిస్తారు.

చీము పట్టి మెత్తబడిన బిళ్ళను కోసి వదిలేయడం ఇంకో తప్పు. అది మానకుండా నెలల తరబడి కారుతుంది. చీము తీయాల్సి వస్తే పక్కనున్న ఆరోగ్యమైన చర్మం గుండా, పైవైపు నుంచి సూది పోనిచ్చి లాగాలి.

చంటిబిడ్డకి ఎడమ చంకలోనే బిళ్ళ కడితే మాత్రం ముందు ఎడమ భుజం చూడండి. బీసీజీ టీకా వేసేది అక్కడే. టీకా తర్వాత కొన్ని వారాల నుంచి నెలల్లోపు ఆ చంకలో వాపు రావడం టీకా ప్రభావమే కావచ్చు. బిడ్డ బాగా పాలు తాగుతూ, బరువు పెరుగుతూ, జ్వరం లేకుండా ఉంటే టీబీ మందులు అక్కర్లేదు, చాలావరకు దానంతటదే తగ్గుతుంది. దానికి సీబీనాట్ చేస్తే పాజిటివ్ రావచ్చు, ఎందుకంటే టీకాలో ఉన్నది టీబీ క్రిమి కుటుంబంలోదే. ఆ కాగితం చూసి ఆర్నెల్లు మందులు మింగించిన ఇళ్ళున్నాయి. రోగనిరోధక శక్తి లోపం ఉన్న పిల్లల విషయం వేరు, వాళ్ళని నిపుణులు చూడాలి.

రక్త పరీక్షల గురించి కుండబద్దలు కొట్టి చెబుతాను. టీబీకి యాంటీబాడీలు చూసే ఐజీజీ, ఐజీఎం పరీక్షల్ని భారత ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. ఎవరైనా రాసిస్తే చేయించుకోవద్దు. చర్మంలోకి సూది వేసి చూసే మాంటూ పరీక్ష, ఇగ్రా రక్త పరీక్ష క్రిమి ఒంట్లోకి ఎప్పుడో ప్రవేశించిందని చెబుతాయి గానీ, జబ్బుగా మారిందని చెప్పవు. 2019-21 జాతీయ సర్వేలో 15 ఏళ్ళు దాటినవారిలో దాదాపు 31 శాతం మందిలో క్రిమి సోకిన ఆనవాలు ఉంది. అలాంటి దేశంలో పెద్దవాళ్ళకి ఇగ్రా పాజిటివ్ వస్తే అందులో తేలేది ఏమీ లేదు. చిన్నపిల్లల్లో మాంటూకి విలువ ఉంది, అదీ సరిగ్గా చదివితేనే. 48 నుంచి 72 గంటల మధ్య, ఎరుపుని వదిలేసి గట్టిపడిన వాపునే చేతికి అడ్డంగా కొలవాలి. 10 మిల్లీమీటర్లు దాటితే పాజిటివ్, హెచ్‌ఐవీ ఉంటే 5 చాలు. బిడ్డ బాగా చిక్కిపోయి ఉంటే, మెదడు టీబీ లాంటి తీవ్రమైన జబ్బులో ఉంటే, అసలేమీ పొంగకపోవచ్చు. అది చూసి టీబీ లేదనుకోకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ హెచ్‌ఐవీ జాతీయ సగటుకంటే ఎక్కువ ఉన్న రాష్ట్రాలు, కాబట్టి ఏ టీబీలోనైనా హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి.

"మందులు ఇచ్చి చూద్దాం, తగ్గితే టీబీయే" అనే వాదన వింటే భయమేస్తుంది. రిఫాంపిసిన్ టీబీకే పరిమితమైన మందు కాదు. చీము పుట్టించే స్టెఫిలోకాకస్ క్రిమి మీదా పనిచేస్తుంది, పశువుల నుంచి వచ్చే బ్రూసెల్లోసిస్‌కీ వాడతారు. వెన్నునొప్పి బ్రూసెల్లా వల్ల వచ్చినా కొన్నాళ్ళు తగ్గినట్టుంటుంది. తోడుగా స్టెరాయిడ్ ఇస్తే లింఫోమా కూడా కొన్ని వారాలు కరిగినట్టు కనబడి, తర్వాత ముదిరి తేలుతుంది. పేగుల్లో టీబీకీ క్రోన్స్ జబ్బుకీ (పేగుల్ని దీర్ఘకాలం వాచేలా చేసేది) తేడా తెలియకుండా వేసే మందులదీ ఇదే కథ. సంతానం కోసం తిరిగే ఆడవాళ్ళకి గర్భాశయ పొర నమూనాలో ఒక్క పీసీఆర్ (జన్యు పరీక్ష) పాజిటివ్ వచ్చిందని, వేరే ఆధారమేదీ చూడకుండా ఆర్నెల్ల మందులు పెట్టడం అన్యాయం.

అన్ని నమూనాలకీ సీబీనాట్ ఒకేలా పనిచేయదని కూడా తెలియాలి. ఊపిరితిత్తి పొరలో చేరిన నీటిలో క్రిములు చాలా తక్కువ, అక్కడ అది సగానికి సగం కేసుల్ని వదిలేస్తుంది. అక్కడ ఆ నీటిలో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎక్కువగా ఉండటం, ప్రోటీన్ పెరగడం, ఏడీఏ అనే ఎంజైమ్ 40 దాటడం, ఇవన్నీ కలిపి చూడాలి. చీము పట్టిన నీటిలో కూడా ఏడీఏ పెరుగుతుంది కనుక ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు.

వెన్నుపూస టీబీకి ఎక్స్-రే బాగున్నంత మాత్రాన ధీమా పనికిరాదు. ఎముక 30 శాతమైనా కరిగితే గానీ అందులో కనిపించదు. రాత్రిపూట కూడా వదలని నడుంనొప్పి, సన్నటి జ్వరం ఉంటే ఎంఆర్ఐ, ఆపైన సూదితో ముక్క పరీక్ష. కాళ్ళు తడబడినా, మూత్రం పట్టు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లల్లో గూని జబ్బు నయమయ్యాక కూడా ఎదుగుదలతో పాటు పెరగొచ్చు, ఎదిగేదాకా చూపించుకుంటూ ఉండాలి.

ఇప్పుడు మెదడు. ఐదేళ్ళలోపు పిల్లల్లో క్రిమి సోకిన కొద్ది నెలల్లోనే ఇది రావచ్చు. ఏడాదిలోపు బిడ్డకి ముప్పు మరీ ఎక్కువ. బీసీజీ ఈ ముప్పును బాగా తగ్గిస్తుంది, పూర్తిగా తీసెయ్యదు. మొదటి వారం రెండు వారాలు లక్షణాలు అతి మామూలుగా ఉంటాయి. ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, చిరచిరలాడతాడు, ఆట మానేస్తాడు, అన్నం వద్దంటాడు, వాంతులు, ఎక్కువ నిద్ర. దిష్టి అంటారు. వైడాల్ పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెడతారు. ఆ తర్వాత కన్ను మెల్ల అవుతుంది, మెడ బిగుస్తుంది, ఫిట్స్ వస్తాయి, ఒక పక్క చెయ్యి కాలు పడిపోతాయి. చంటిబిడ్డలో మాడు ఉబ్బుతుంది. స్పృహ బాగున్నప్పుడే మందు పడిన పిల్లాడికీ, మగతలోకి జారాక పడిన పిల్లాడికీ మధ్య తేడా జీవితకాలం ఉంటుంది.

వారం దాటిన జ్వరంతో వాంతులు, తలనొప్పి, మందకొడితనం ఉంటే వెన్నునీరు (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) తీయించాలి. "వెన్నులో నీరు తీస్తే నడుం పడిపోతుంది" అనే భయం వల్ల ఎంతమంది తల్లిదండ్రులు సంతకం పెట్టకుండా బిడ్డను తీసుకెళ్ళిపోతారో! సూది దిగేది నడుము కింది పూసల మధ్య, వెన్నుపాము అంతకు పైనే ముగుస్తుంది. ఆ నీరు ఎప్పటికప్పుడు ఊరుతూనే ఉంటుంది, పెద్దవాళ్ళలో రోజుకి అర లీటరు దాకా. తలలో ఒత్తిడి బాగా ఉందని అనుమానిస్తే డాక్టర్లు ముందు స్కాన్ చేస్తారు.

చేసే పొరపాటు, నీరు ఒక మిల్లీలీటరు తీసి దాన్నే అన్ని పరీక్షలకీ పంచడం. క్రిములు అతి పలచగా ఉండే ద్రవం అది. పెద్దవాళ్ళలో 6 మిల్లీలీటర్లకు తగ్గకుండా, పిల్లల్లో బరువును బట్టి 3 నుంచి 5 మిల్లీలీటర్లు తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరినది పరీక్షించాలి. అదే సమయంలో రక్తంలో చక్కెర చూడాలి. వెన్నునీటి చక్కెర అందులో సగం కన్నా తక్కువై, ప్రోటీన్ డెసిలీటరుకి 100 మిల్లీగ్రాములు దాటి, లింఫోసైట్లు పెరిగితే అనుమానం బలపడుతుంది. తొలి రోజుల్లో న్యూట్రోఫిల్స్ (మరో రకం తెల్ల రక్తకణాలు) ఎక్కువ కనబడినా కంగారు పడి టీబీని కొట్టిపారేయకూడదు. సీబీనాట్ నెగెటివ్ వచ్చినా మెదడు టీబీ లేదని కాదు. లక్షణాలు, వెన్నునీరు, స్కాన్‌లో మెదడు అడుగున పొరలు మందం కావడం, నీరు నిండటం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం, వీటిని కలిపి నిర్ణయించి, నమూనా తీసిన రోజే టీబీ మందులూ డెక్సామెథసోన్ స్టెరాయిడ్‌నూ మొదలుపెట్టాలి. కల్చర్ రిపోర్టు వచ్చేసరికి ఆరు వారాలు కావచ్చు. దాన్ని మందు మార్చడానికి వాడుకుంటాం, మొదలుపెట్టడానికి కాదు. మందులు 9 నుంచి 12 నెలలు, స్టెరాయిడ్ 6 నుంచి 8 వారాల్లో మెల్లగా తగ్గించి ఆపాలి, ఒక్కసారిగా మానకూడదు.

మందులు వాడుతుండగానే బిళ్ళ పెద్దదైతే, కొత్తది వస్తే, అది ఎప్పుడూ మందు పనిచేయకపోవడం వల్లే కాదు. చచ్చిన క్రిముల మీద ఒంటి ప్రతిస్పందన వల్ల కొంతమందికి ఇలా అవుతుంది. మళ్ళీ నమూనా తీసి కల్చర్ చూడకుండా మందులు మార్చొద్దు, మీరై ఆపొద్దు.

చివరిగా ఇంటి సంగతి. ఊపిరితిత్తుల బయటి టీబీ ఉన్న బిడ్డ నుంచి సాధారణంగా ఎవరికీ అంటదు. కానీ ఆ బిడ్డకి క్రిమి వచ్చింది దగ్గే ఒక పెద్దమనిషి నుంచి. తాతయ్యో, మేనమామో, పనిమనిషో, ట్యూషన్ చెప్పే అక్కో. ఆ వారంలోనే ఇంట్లో అందరికీ ఛాతీ ఎక్స్-రే, దగ్గు ఉన్నవాళ్ళకి తెమడ పరీక్ష చేయించండి. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలు ఇంకెవరైనా ఉంటే, వాళ్ళకి జబ్బు లేదని తేల్చుకుని, ఐసోనియాజిడ్ రోజూ కిలో బరువుకి 10 మిల్లీగ్రాముల చొప్పున ఆర్నెల్లు ఇస్తారు. ప్రభుత్వ కేంద్రాల్లో ఇది ఉచితం. సందేహాలుంటే ప్రభుత్వ టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టీబీ నమోదు పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదైతే పోషణ కోసం నెలకి 1000 రూపాయలు ఖాతాలో పడతాయి, మెడ బిళ్ళ టీబీకైనా, మెదడు టీబీకైనా.