సవరణ: పాలిస్టర్ బట్టలన్నీ ఒకే సంచిలో వేయకండి
బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్‌వాళ్ళు పాత బట్టలు పోగుచేస్తున్నారు కదా, దాని గురించి మొన్న రాసినదానికి చిన్న సవరణ. "పాలిస్టర్ బట్టల్ని మళ్ళీ కొత్త దారం చేయొచ్చు" అన్నది చదివి లెగ్గింగ్స్, కాటన్ కలిసిన చొక్కాలు అన్నీ కలిపేస్తున్నారు, దయచేసి వద్దు. రీసైకిల్డ్ పాలిస్టర్ అని ఇప్పుడు అమ్మేది ఎక్కువగా ప్లాస్టిక్ బాటిళ్ళు కరిగించి తీసిందే. బట్టల దారి వేరు: ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో ఉత్ప్రేరకం (రసాయన చర్యను వేగపరిచేది) వేసి సుమారు 180–200 డిగ్రీల సెల్సియస్‌లో వేడిచేస్తే పాలిస్టర్‌లోని పొడవాటి అణువుల గొలుసు (పాలిమర్) తెగి బీహెచ్ఈటీ అనే చిన్న అణువులు వస్తాయి, వాటిని శుద్ధిచేసి మళ్ళీ పాలిస్టర్ చేస్తారు. రంగులు, స్పాండెక్స్ (లెగ్గింగ్స్ లాంటివాటిలో ఉండే సాగే దారం), కాటన్ వదిలించడమే అసలు కష్టం. అందుకే లేబుల్ మీద 100 శాతం పాలిస్టర్ అని ఉన్నవి విడిగా పెట్టండి, ఇంకా కట్టుకోదగ్గ చీరలుంటే ముందు ఎవరికైనా ఇచ్చేయండి.