చదువు గంటలకూ హద్దు ఉండాలి

విజయవాడ శివార్లలోని, గుంటూరులోని అనేక ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారుజామున 5 గంటలకే స్టడీ అవర్ మొదలవుతుంది. పగలంతా తరగతులు, సాయంత్రం పరీక్ష, భోజనం కాగానే మళ్లీ స్టడీ అవర్. పడుకునేసరికి రాత్రి 10 దాటుతుంది. ఆదివారం వీక్లీ టెస్టు. అమ్మతో మాట్లాడాలంటే వార్డెన్ చెప్పిన రోజున ఫోను దగ్గర వరుసలో నిలబడాలి. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు రెండేళ్లపాటు ఇలా గడుపుతున్నారు. కార్మికుడి చేత ఇంతసేపు పని చేయించే యజమానిని చట్టం ప్రశ్నిస్తుంది. ఈ యాజమాన్యాలను ప్రశ్నించేవారు లేరు.

విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు నిర్దేశించింది. రోజుకు సుమారు నాలుగున్నర గంటలు. అది కనీస పరిమితి, గరిష్ఠం గురించి మాటే లేదు. ఇంటర్‌కు ఆ చట్టమే వర్తించదు. కోచింగ్ తరగతులు రోజుకు 5 గంటలు మించరాదని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక్కడ కోచింగ్ జూనియర్ కళాశాల పేరుతోనే సాగుతుంది కనుక వాటి ప్రభావం కనిపించలేదు. విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ అధ్యయనం చేశాయి. ఇంకో కమిటీ అక్కర్లేదు.

తల్లిదండ్రులే కోరుతున్నారని యాజమాన్యాలు అంటాయి. కొంత నిజమే. అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రికి కొడుకు ఆటలాడుతున్నాడంటే గుండె దడ. పక్క కళాశాల 14 గంటలు చదివిస్తుంటే 8 గంటలు చాలన్న కళాశాలలో ఎవరూ చేర్చరు. ఏ ఒక్కరూ తమంతట తాము తగ్గలేని పోటీ ఇది. అందుకే అందరికీ ఒకే హద్దు ప్రభుత్వమే గీయాలి.

కానీ ఉన్న హద్దులనే చెరిపే ధోరణి కనిపిస్తోంది. కర్మాగారాల్లో రోజువారీ గరిష్ఠ పనివేళలను 9 నుంచి 10 గంటలకు, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 75 నుంచి 144 గంటలకు పెంచుతూ రాష్ట్రం 2025లో సవరణ తెచ్చింది. వారానికి 48 గంటలు దాటవన్నది సమర్థన. తెనాలి నుంచి ఆటోనగర్‌కు రోజూ వచ్చిపోయే కార్మికుడు పోగొట్టుకునేది ఇంట్లో పిల్లలు మేలుకుని ఉండే ఆ ఒక్క గంటనే. ఆ సవరణను సమర్థించలేం.

రోజువారీ గరిష్ఠ గంటలు, 8 గంటల నిద్ర, పూర్తి ఆదివారం సెలవు: వీటిని కళాశాలల అనుబంధ గుర్తింపు షరతుల్లో చేర్చాలి. తనిఖీలు ముందుగా చెప్పి పగటిపూట చేస్తే ప్రయోజనం శూన్యం. వేకువజామున, రాత్రి భోజనాల తర్వాత చేయాలి. ఉల్లంఘిస్తే మరుసటి ఏడాది ప్రవేశాలు ఆపాలి. కొత్త విద్యా సంవత్సరం ప్రవేశాలు మొదలయ్యేలోగా ఈ ఉత్తర్వు వెలువడాలి.