రన్‌వేలు సిద్ధంగా ఉన్నా ఎల్ టోరో ఎయిర్‌పోర్టు ఎందుకు కాలేదు?

దక్షిణ కాలిఫోర్నియాలో ఇర్వైన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటే మొదటి టెన్షన్ లాస్ ఏంజెలెస్ ఎయిర్‌పోర్టుకి ఎన్నింటికి బయల్దేరాలన్నదే. అరవై కిలోమీటర్లు దాటిన దూరం, పైగా 405 ఫ్రీవే మీద సాయంత్రం ట్రాఫిక్. దగ్గర్లోనే జాన్ వేన్ ఎయిర్‌పోర్టు ఉంది కానీ, దాని పెద్ద రన్‌వే పొడవే 5,700 అడుగులు. సముద్రాలు దాటి వచ్చే పెద్ద విమానాలకు అది చాలదు. అయితే ఒకప్పుడు ఇర్వైన్ పక్కనే 8,000 అడుగులవి, 10,000 అడుగులవి రన్‌వేలు ఉండేవి. ఈ మధ్య మనవాళ్లు ఇళ్లు కొనుక్కుంటున్న గ్రేట్ పార్క్ ప్రాంతమంతా ఆ స్థలమే.

ఎల్ టోరో మెరైన్ వైమానిక స్థావరాన్ని 1943లో బీన్స్ చేల మధ్య కట్టారు. దాదాపు 4,700 ఎకరాలు. 1974 ఆగస్టు 9న అధ్యక్ష పదవి వదులుకున్న నిక్సన్ వాషింగ్టన్ నుంచి వచ్చి దిగింది ఇక్కడే. 1993లో అమెరికా ప్రభుత్వం దీన్ని మూసివేత జాబితాలో పెట్టింది, 1999 జులైలో మూసేసింది. ఆ స్థలంలో ఎయిర్‌పోర్టు పెట్టాలా వద్దా అని ఈ ప్రాంతం ఉన్న ఆరెంజ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) ఉత్తరం, దక్షిణంగా చీలిపోయి 2002 దాకా కొట్టుకుంది.

ఈ గొడవను అభివృద్ధికీ, విమానాల రొదకీ మధ్య తగాదాగా చెప్పడం అలవాటైపోయింది. అది సగం కథే. మిగతా సగం న్యూపోర్ట్ బీచ్‌లో ఉంది. జాన్ వేన్‌లో లేచిన విమానాలు సముద్రం ఒడ్డునున్న ఆ సంపన్నుల ఊరి మీదుగానే పోతాయి. ఆ ఊరివాళ్లు కోర్టుల చుట్టూ తిరిగి 1985లో కౌంటీతో ఒక ఒప్పందం రాయించుకున్నారు. ఏడాదికి 84 లక్షల మంది ప్రయాణికులు మించకూడదు, రాత్రిళ్లు విమానాలు లేవకూడదు. ఇప్పటికీ అక్కడ విమానం నిట్టనిలువుగా లేచి, ఊరి మీదికి రాగానే ఇంజన్ జోరు తగ్గిస్తుంది. మొదటిసారి ఎక్కినవాళ్లకి గుండె జారినంత పనవుతుంది. ఆ ఒప్పందం గడువు 2005. ఆ తర్వాత పెరిగే విమానాలు ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్నకు న్యూపోర్ట్ బీచ్ వెతుక్కున్న జవాబే ఎల్ టోరో. మన గుమ్మంలో చెత్తను పక్కింటి గుమ్మంలోకి ఊడ్చినట్టు. ప్రచారానికి డబ్బు పెట్టినవాళ్లలో ముందున్నది రియల్ ఎస్టేట్ వ్యాపారి జార్జ్ ఆర్గిరోస్.

1994 నవంబర్‌లో మెజర్ ఎ పేరుతో ఓటింగ్ పెట్టారు. ఎయిర్‌పోర్టుకు అనుకూలంగా 51 శాతం, వ్యతిరేకంగా 49. ఎల్ టోరో కథ పాడైంది ఇక్కడేనని నేననుకుంటున్నాను. ఓటు వేసేనాటికి పక్కా ప్లాన్ లేదు. ఎంతమంది ప్రయాణికులు, విమానాలు ఏ దిక్కు నుంచి దిగుతాయి, ఎవరి ఇళ్ల మీదుగా లేస్తాయి అనే లెక్కలన్నీ తర్వాత వచ్చాయి. నెల తిరిగేసరికి, పెట్టుబడుల్లో 160 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుని కౌంటీ దివాలా తీసింది. దాంతో ఎయిర్‌పోర్టు ఉద్యోగాలు తెస్తుంది, ఆదాయం తెస్తుంది అనే మాటకు బలం పెరిగింది. కౌంటీని నడిపే ఐదుగురు సభ్యుల బోర్డులో ఎక్కువగా 3-2 ఓట్లతో పనులు ముందుకు కదిలాయి. ఏడాదికి 3.8 కోట్ల మంది అన్నారు, గొడవ ముదిరాక 2.88 కోట్లకు దించారు. అంకెలు అలా దిగుతుంటే జనానికి అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు.

కౌంటీ దక్షిణాన ఉన్న నగరాలు కలిసి ఒక సంఘం పెట్టుకుని ఎదురు నిలిచాయి. వీళ్లలో నాకు బాగా నచ్చేది లెజర్ వరల్డ్ కథ. అది రిటైరైన వాళ్ల కాలనీ. విమానాలు దిగే దారి సరిగ్గా వాళ్ల పైనుంచే. చేతిలో అధికారం లేకపోతే మన మాట వినరని, 1999లో ఆ పెద్దవాళ్లంతా ఓటేసుకుని తమ కాలనీని లగూనా వుడ్స్ అనే నగరంగా మార్చుకున్నారు. పోలింగ్ రోజున తప్పకుండా వచ్చేది కూడా ఆ వయసువాళ్లే.

కౌంటీ దగ్గర సమాధానాలు లేకపోలేదు. స్థావరం చుట్టూ వేల ఎకరాల్లో ఇళ్లు కట్టనివ్వలేదు, రొద సగటున 65 డెసిబెల్స్ దాటే చోటు చుట్టూ మ్యాపులో గీసిన గీత లోపల ఒక్క ఇల్లూ లేదు అన్నారు. కానీ అది రోజంతటి రొదను సగటు కట్టే లెక్క. రాత్రి రెండింటికి నిద్ర లేపేది సగటు కాదు, ఒక్క విమానం. పైగా ఎల్ టోరోను 24 గంటలూ నడపాలన్నది ప్లాన్. జాన్ వేన్‌లో ఉన్న రాత్రి నిషేధం ఇక్కడా పెట్టొచ్చు కదా అంటే, 1990లో వచ్చిన కేంద్ర చట్టం తర్వాత అలాంటి ఆంక్షలు కొత్తగా తెచ్చుకోవడం చాలా కష్టం. జాన్ వేన్ ఒప్పందం అంతకుముందుది కాబట్టి నిలిచింది. అంటే న్యూపోర్ట్ బీచ్‌కి దొరికిన రక్షణ దక్షిణాదివాళ్లకు దొరికే దారి దాదాపు లేదు. ఈ ఒక్క విషయం చాలు, వాళ్ల భయం ఉత్త భయం కాదని ఒప్పుకోవడానికి.

రన్‌వేల దిక్కు ఇంకో తలనొప్పి. గాలి ఎక్కువగా సముద్రం వైపు నుంచి, అంటే పడమర నుంచి వీస్తుంది. విమానం గాలికి ఎదురుగా లేవాలి. కౌంటీ ప్లాన్‌లో మాత్రం చాలా విమానాలు తూర్పుకి, వెనక గాలితో, ఎదురుగా కొండలున్న వైపు లేవాలి. పైలట్ల సంఘమే ఒప్పుకోలేదు. ఉన్న రన్‌వేలను వాడుకుంటే ఖర్చు కలిసొస్తుందన్న ఆశ ఇలాంటి మెలికలు తెస్తుంది. యుద్ధ విమానాల కోసం వేసిన దిక్కు పౌర విమానాలకు సరిపోవాలని ఏముంది?

1996లో మెజర్ ఎ ను రద్దు చేయాలన్న ప్రయత్నం ఓడింది. 2000లో ఎయిర్‌పోర్టుల వంటివాటికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలన్న మెజర్ ఎఫ్ గెలిచింది, దాన్ని కోర్టు కొట్టేసింది. చివరికి 2002 మార్చిలో మెజర్ డబ్ల్యూ. ఈసారి ఎయిర్‌పోర్టు వద్దు అనలేదు, పెద్ద పార్కు కావాలి అన్నారు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఆరు నెలలకే, విమాన ప్రయాణాలు పడిపోయి ఉన్న సమయంలో వచ్చిన ఓటు. 58 శాతంతో గెలిచింది.

గెలిచినవాళ్ల పార్కు మాట కూడా పూర్తిగా నిజం కాలేదు. భూమి నేవీది. ఓటింగ్ అయిన కొద్ది రోజుల్లోనే నేవీ అమ్మకం మాట ఎత్తింది. 2005 వేలంలో సుమారు 3,700 ఎకరాలను లెన్నార్ కంపెనీ 64.95 కోట్ల డాలర్లకు కొంది. అందులో పార్కుకు మిగిలింది 1,347 ఎకరాలు. 2007లో ఒక నారింజ రంగు బెలూన్ ఎగిరింది, ఏళ్ల తరబడి పార్కంటే జనం చెప్పుకునేది ముందుగా ఆ బెలూనే. 2008 మాంద్యంలో ఇళ్ల పని ఆగి, 2013 తర్వాతే జోరందుకుంది. నేల అడుగున నీళ్లలో కలిసిన రసాయనాల శుద్ధి మరో పెద్ద పని. ఓటర్లకు కనిపించిన పచ్చటి బొమ్మలో ఈ ఇళ్ల వరసలు ఇంత దట్టంగా లేవు.

వరంగల్ మామునూరులో కూడా నిజాం కాలపు పాత ఎయిర్‌ఫీల్డ్‌కి మళ్లీ ప్రాణం పోస్తున్నారు. శంషాబాద్ నుంచి 150 కిలోమీటర్ల లోపు మరో ఎయిర్‌పోర్టు రాకూడదన్న నిబంధనను శంషాబాద్ ఎయిర్‌పోర్టు నడిపే జీఎంఆర్ సడలించాక, 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది. మన దగ్గర ఓటింగ్ ఉండదు, గొడవ నష్టపరిహారం చుట్టూ, ఎకరానికి ఎంత అన్నదాని చుట్టూ తిరుగుతుంది. భూమి పోయే రైతుకి అదే ముఖ్యం, తప్పు పట్టలేం. కానీ భూమి పోకుండా విమానాల దారి కింద మిగిలిపోయే ఊళ్ల సంగతి కూడా ముందే మ్యాపు పరిచి చెప్పాలి. ఆరెంజ్ కౌంటీ ఆ మ్యాపును ఓటు తర్వాత చూపించింది.

జాన్ వేన్ మీద పరిమితిని ఇప్పటికి రెండుసార్లు పొడిగించారు, అంకె కోటి దాటింది. ఇప్పుడున్న గడువు 2030. అప్పుడు న్యూపోర్ట్ బీచ్ మళ్లీ బేరానికి కూర్చుంటుంది. ఈసారి చూపించడానికి ఎల్ టోరో లేదు. రన్‌వేల కాంక్రీటు పగలగొట్టి పనులకు వాడేశారు, మిగతా చోట ఇళ్లు, స్కూళ్లు ఉన్నాయి.