తెలిసినవాళ్లకు తెలిసిందే చెబితే

తాగునీటిలోని ఫ్లోరైడ్ గురించి మాట్లాడమని నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక ఊరివాళ్లు పిలిస్తే, కొన్నేళ్ల కిందట పన్నెండు పేజీలు రాసుకుని వెళ్లాను. ఫ్లోరైడ్ అంటే ఏమిటి, ఎముకలను ఎలా పట్టుకుంటుంది అన్న వివరణకే మొదటి నాలుగు పేజీలు సరిపోయాయి. పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద కూర్చున్నవాళ్లలో చాలామంది నడుములు వంగిపోయినవాళ్లు. రెండో పేజీలో ఉండగానే ఒక పెద్దాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి, "గది మాకెర్కే సారూ. నీళ్లు మసలబెడితె పోతదా, పోదా? గది చెప్పు" అన్నాడు.

పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ గాఢత ఇంకా పెరుగుతుంది. ఈ మాట నా కాగితాల్లో పదకొండో పేజీలో ఉంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతి, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' రూపొందించి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టినది, ఆ తర్వాతి పేజీలో ఉంది. జబ్బును మోస్తున్నవాళ్లకు జబ్బు లక్షణాలు వర్ణించడానికి వెళ్లిన నేను, వాళ్లకు అక్కరకు వచ్చే రెండు సంగతులనూ చివరికి నెట్టాను.

శ్రోతల అంచనా అనగానే వయసు, చదువు, వృత్తి లెక్కగట్టడం మనకు అలవాటు. ఆ లెక్క అవసరమే కానీ, వాళ్లకు ముందే ఏం తెలుసు, ఏ ప్రశ్నతో వచ్చి కూర్చున్నారు అన్నది దానివల్ల తేలదు. పాలమూరు పల్లెల్లో వలసల మీద పెట్టే సభలనే చూడండి. ముంబై బస్సెక్కినవాళ్లు సభలో ఉండరు. ఎదురుగా ఉండేది వాళ్ల తల్లిదండ్రులు, వాళ్లు వదిలివెళ్లిన పిల్లలు. వలస కష్టాలను ఏకరువు పెట్టే ఉపన్యాసం ఆ ముసలమ్మలను ఏడిపిస్తుందేమో గానీ, కొడుకు పనిచేసేచోట ప్రమాదం జరిగితే ఎవరిని అడగాలో చెప్పదు.

యాస సంగతి ఒక్కమాటలో ముగించవచ్చు: బయటినుంచి వచ్చిన వక్త అరువు తెచ్చుకున్న 'గిట్ల, గట్ల'లను జనం ఇట్టే పసిగడతారు, నవ్వుకుంటారు.

అయితే శ్రోతలను బట్టి సర్దుకోవడానికీ ఒక హద్దు ఉంది. 1921 నవంబరులో, నిజాం పాలనలోని హైదరాబాద్‌లో, మహారాష్ట్ర సంఘసంస్కర్త ధోండో కేశవ్ కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే, సభికులు గేలిచేసి గొడవ చేశారు. శ్రోతల మెప్పే కొలబద్ద అయితే ఆయన సభను తప్పుగా అంచనా వేసినట్టే; ఉర్దూలోనో మరాఠీలోనో మాట్లాడి ఉంటే చప్పట్లు దక్కేవేమో. కానీ ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో సభను బట్టి మార్చుకోవడం వేరు, ఎవరి పక్షాన నిలబడ్డామో దాన్ని వదులుకోవడం వేరు. ఆ అవమానంతోనే తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జన సంఘం పుట్టింది. పదేళ్లు తిరిగేసరికి, 1931లో, నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన, ఆ సంఘం నుంచే ఎదిగిన ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడ తెలుగులో మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది.