ముట్టుకోరాదు, వినరాదు

స్వరకర్తల మ్యూజియాల్లో సంగీతం తప్ప అన్నీ ఉన్నాయని కొందరు అదే పనిగా సణుగుతున్నారు. ఇది అన్యాయం. పాట ఫోన్‌లో కూడా దొరుకుతుంది. దాన్ని కట్టినాయన జుట్టు దొరుకుతుందా?

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌నే చూడండి. 1756లో మోజార్ట్ పుట్టిన ఇల్లు 1880 నుంచి మ్యూజియం. చిన్నప్పుడు వాయించిన వయొలిన్, ఆయనవని చెప్పే వెంట్రుకలు భద్రంగా ఉన్నాయి. ఆ ఊరి ఆర్చిబిషప్ కొలువు నుంచి 1781లో ఆయన బయటపడినప్పుడు, కౌంట్ ఆర్కో అనే అధికారి వెనక నుంచి ఓ తన్ను తన్ని మరీ సాగనంపాడు. ఈ సంగతి మోజార్టే తండ్రికి ఉత్తరంలో రాసుకున్నాడు. పాపం, ఆ బూటును ఎవరూ దాచలేదు. దాచి ఉంటే ఈపాటికి దానికీ ఓ అద్దాల పెట్టె, పైన చిన్న లైటు, ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డు ఉండేవి. చరిత్ర స్పృహ లేకపోతే ఇంతే! బతికుండగా అప్పుల కోసం స్నేహితుడికి ఉత్తరాలు రాసిన మనిషి పేరు మీద, పోయిన 99 ఏళ్లకు, 1890లో, ఆ ఊళ్లో చాక్లెట్ ఉండలు పుట్టాయి. ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉన్నాయి.

జర్మనీలోని బాన్‌లో బీథోవెన్ పుట్టిన ఇంటిని పడగొట్టకుండా కాపాడింది 12 మంది పౌరులు, 1889లో సంఘం పెట్టి. ఆ ఇంట్లో ఆయన ఉన్నది పసితనంలో కొన్నేళ్లే. అంటే ఆ గోడలు విన్నది ఎక్కువగా ఏడుపే. 1792లో ఊరు వదిలాక మళ్లీ అటు రాలేదు. వినికిడి తగ్గాక ఆయన వాడిన లోహపు బూరలు అక్కడ చూడొచ్చు. ఒక చివర గిన్నెలా వెడల్పు, ఇంకో చివర చెవికి పట్టేంత సన్నం. ఒక్క స్వరమైనా చెవిన పడాలని ఆయన పట్టుకు వేలాడిన ఆ వస్తువు ముందు నిలబడి, రెండు చెవులూ బాగున్న సందర్శకుడు హెడ్‌ఫోన్స్‌లో శ్రద్ధగా వింటాడు. సింఫనీ కాదు, బూర చేసినవాడి పేరు.

వియన్నాలో అదే బీథోవెన్ డజన్ల కొద్దీ ఇళ్లు మారాడు. వాటిలో కొన్ని ఇప్పుడు మ్యూజియాలు. కాబట్టి ఇంటి ఓనర్లకు ఒక విన్నపం. పైవాటాలో అర్ధరాత్రి పియానో బాదే కుర్రాణ్ణి తప్పకుండా ఖాళీ చేయించండి, నిద్ర ముఖ్యం. కానీ ఆ నోటీసు కాపీ మాత్రం పారేయకండి. రేపు రిబ్బన్ కత్తిరించే రోజున మొదటి అద్దాల పెట్టెలో పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలిగా.