గూడబాతులకి డీజే ఎందుకు బాబూ?

ఇప్పుడే కొల్లేరు సరస్సులోని పక్షుల కేంద్రం ఆటపాక నుంచి ఇంటికొచ్చాను. స్నానం కూడా చేయలేదు, ముందు ఇది కక్కేస్తే గానీ నాకు ముద్ద దిగదు.

తెల్లవారుజామున నాలుగింటికి బెజవాడలో బయల్దేరి, కైకలూరులో టీ తాగి, మొదటి బోటు ఎక్కాం. నీళ్ల మధ్యలో పక్షుల కోసం పాతిన ఇనుప స్టాండ్లు, వాటి మీద పుల్లల గూళ్లు, గూళ్ల నిండా గూడబాతులు, అదే పెలికాన్లు. దగ్గర్లోనే ఒక పిల్ల, తల మొత్తం తల్లి నోటి సంచిలోకి దూర్చేసి చేప లాక్కుంటోంది. ఆ కుదుపుకి తల్లి తూలిపోతోంది, అయినా నోరు మాత్రం మూయదు. బైనాక్యులర్లో అది చూస్తూ ఊపిరి బిగబట్టానా, సరిగ్గా అప్పుడే వెనక నుంచి డబడబా పాట. బ్లూటూత్ స్పీకరు. చెంబంతే ఉంది, మోత మాత్రం నిమజ్జనానికి సరిపోతుంది.

నలుగురు కుర్రాళ్లు. ఒకడు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఎందుకయ్యా అంటే పక్షులు ఊరికే కూర్చున్నాయట, ఒక్కసారి గుంపుగా లేస్తే రీల్ బాగా వస్తుందట. ఊరికే కూర్చోవడం ఏంటి, అవి పొదుగుతున్నాయిరా నాయనా! తల్లి లేస్తే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది, పిల్ల ఎండకి మాడిపోతుంది. మర్యాదగానే చెప్పాను. ఏమన్నాడో తెలుసా? "లైట్ తీస్కోండి అంకుల్." అంకుల్! నాకింకా ముప్పై తొమ్మిది. బోటాయన పాపం రెండుసార్లు "కూర్చోండి బాబూ" అన్నాడు, వినేదెవరు. ఆ పక్కన మోచేయంత లెన్సు పట్టుకున్న పెద్దమనిషి ఒక్క మాట సాయం రాకపోగా, పక్షులు లేవగానే టకటకా నొక్కుకున్నాడు. ఈయనే రాత్రికి 'ప్రకృతిని కాపాడుకుందాం' అని ఫొటో పెడతాడు, రాసిపెట్టుకోండి.

అయినా కుర్రాళ్లని ఏమనాలి, పెద్దలు చేసిన ఘనకార్యం ఏముంది? 1999లో కొల్లేరుని అభయారణ్యం అన్నారు, 2002లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా, అదే రాంసార్ జాబితాలోకి ఎక్కింది, ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు) దాకా 308 చదరపు కిలోమీటర్లని కాగితాల మీద గీత గీశారు. 2006లో సరస్సుని ఆక్రమించిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత మళ్లీ గట్లు లేచాయి. గట్టు దానంతటదే లేస్తుంది మరి, పుట్టగొడుగు కదా.

వీటన్నిటికన్నా నాకు మండేది ఇంకొకటుంది. నాలుగేళ్ల కింద కొల్లేటి లంక ఊళ్ల వైపే మా ఆవిడ తరఫు పెద్దాయన ఇంటికి భోజనానికి వెళ్లాం. పులుసు వడ్డించారు, నాటుకోడి అనుకుని రెండు ముక్కలు తిన్నాను. అప్పుడు చెప్పాడాయన, మీసం తుడుచుకుంటూ, "పరజలు అల్లుడుగారూ. మీకు పిట్టలంటే ఇష్టమటగా, మీకోసమే తెప్పించా." పంక్తిలో అందరూ పగలబడి నవ్వారు. మా ఆవిడ కూడా. పొద్దున ఈలేసుకుంటూ మా కారు మీదుగా ఎగిరిపోయిన పరజల గుంపుని వేలెత్తి మా పాపకి చూపించింది నేనే. నేను విస్తరి ముందు నుంచి లేచిపోతే, అన్నం మీద నుంచి లేచాడు, పొగరు అన్నారు. ఇప్పటికీ అంటూనే ఉన్నారు.

వచ్చే నెల ఆయన మనవరాలి ఓణీల ఫంక్షన్. మా ఆవిడ అప్పుడే చీర ఇస్త్రీకి ఇచ్చేసింది.