బిల్లింగ్ కౌంటరు వెనక లేని కుర్చీ గారికి

కుర్చీ గారికి నమస్కారమండి.

మొన్న బుధవారం మా పాలకొల్లులో ఒక సూపర్ మార్కెట్‌కి ఉద్యోగం అడగడానికి వెళ్ళాను. ఏసీ బాగుంది. బిల్లింగ్ కౌంటర్లు ఆరు. ఆరింటికీ కంప్యూటరుంది, స్కానరుంది, ఒక్కో పిల్ల నిలబడి ఉంది. తమరు మాత్రం ఒక్కచోటా లేరు. మా జిల్లాలో మీ కోసం ఎలక్షన్లలో ఎకరాలకి ఎకరాలు అమ్ముకున్న వాళ్ళున్నారు కదా, అంత గిరాకీ ఉన్నవారు పద్దెనిమిది వేల జీతం దగ్గరికెందుకు వస్తారులే అనుకున్నాను. నాకు అంత ఎత్తు కుర్చీ అక్కర్లేదండీ. స్టూలైనా చాలు.

మేనేజరు కుర్రాడికి ఇరవై ఆరేళ్ళుంటాయేమో, మా పెద్దాడి ఈడు. ఏం చదివారని అడగలేదు, కూడికలొచ్చా అని అడగలేదు. "ఆంటీ, పది గంటలు నిలబడగలరా?" అన్నాడు. కూచుని బిల్లు కొడితే ఏమవుతుంది బాబూ అన్నాను. "కస్టమర్‌కి రెస్పెక్ట్ ఇచ్చినట్టుండదాంటీ" అన్నాడు. నేను ఇరవై రెండేళ్ళు మెషిను ముందు కూచునే జాకెట్లు కుట్టాను. కూచుని కుట్టి నన్ను అవమానించావని ఒక్కావిడా అనలేదు. చంకల దగ్గర బిగిసిందన్నారు, అది వేరే సంగతి.

ఇప్పుడు రెడీమేడ్ జాకెట్లొచ్చాయి, సాగుతాయి, కొలతలతో పన్లేదు. నా కళ్ళు కూడా మునుపటిలా లేవు. అందుకే ఈ వయసులో బిల్లింగు. దానికి తోడు నాకు షుగరుంది. తొమ్మిదేళ్ళయింది. పోయిన నెల తీయించిన మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) 8.1 వచ్చింది. డాక్టరుగారు కాగితం చూసి నిట్టూర్చి మూడు ముక్కలు చెప్పారు: నడవండి, టైముకి తినండి, పాదాలు రోజూ చూసుకోండి. ఆ మూడు ముక్కల్నీ మీ షాపులోకి పట్టుకొచ్చి పెడితే ఏమవుతుందో చూద్దామనే ఈ ఉత్తరం.

నడక వరకూ షాపు మంచిదేనండీ, అబద్ధమెందుకు. అరల మధ్య పప్పులు సర్దుకుంటూ తిరిగే పనైతే నాకు మందుతో సమానం, డబ్బులిచ్చి మరీ నడిపిస్తున్నారనుకుంటాను. కానీ నాకిస్తానన్నది కౌంటరు. అక్కడ నడవడం ఉండదు, నిలబడటమే. నడవడానికీ నిలబడటానికీ ఉన్న తేడా కాళ్ళకి తెలిసినట్టు మేనేజర్లకి తెలియదు.

అసలు నా కాళ్ళ గురించి చెప్పాలి. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం కొట్టు కట్టేసి ఇల్లు తుడుస్తుంటే గచ్చు మీద ఎర్రగా చుక్కలు కనిపించాయి. కుంకుమ ఒలికిందేమో అనుకున్నాను. గుడ్డతో తుడిస్తే వెనక మళ్ళీ పడ్డాయి. కాలు తిప్పి చూసుకుంటే మడమలో గుండుసూది, తల దాకా దిగిపోయి ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం ఎంత భయమో ఆ రోజే తెలిసింది. షుగరు నరాల్ని తినేస్తే పాదం మనది కానట్టే ఉంటుంది. అప్పట్నుంచి రాత్రి పడుకునే ముందు చేతి అద్దం పట్టుకుని అరికాళ్ళు చూసుకుంటాను. మొహం చూసుకోవడం మానేశాను, అదొక్కటే లాభం. మీ దగ్గర నల్ల బూట్లు వేసుకుని పది గంటలు విప్పకూడదట. లోపల ఏం జరిగినా చెప్పుకోలేని పాదాలకి ఆ బూట్లేమో మూతేసిన గిన్నెలు.

రెండోది తిండి. మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనం ఉందన్నారు. "రష్ లేకపోతే" అని చివర్లో చిన్నగా అన్నారు. పాలకొల్లులో ఒంటిగంటకి రష్ లేని రోజు ఏదో చెబితే ఆ రోజే జాయినవుతాను. నేను పొద్దున్నే షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటాను. ఆ మాత్రకి రష్ సంగతి తెలియదు. అన్నం పడినా పడకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. ఒక సంక్రాంతి ముందు జాకెట్ల హడావిడిలో భోజనం మూడింటికి జరిపాను. సూదిలో దారం ఎక్కడం లేదు. చూపు వల్లేమో అనుకుని కళ్ళజోడు తుడిచాను. మళ్ళీ ఎక్కలేదు. చెయ్యి వణుకుతోంది, మెడ వెనక చల్లటి చెమట, ఎదురుగా ఉన్నావిడ మాట్లాడేది ఎక్కడో నూతిలోంచి వినిపిస్తోంది. నా దగ్గర పని నేర్చుకునే పిల్ల గబగబా గ్లాసులో మూడు చెంచాల పంచదార కలిపి తాగించింది. షుగరు చూసే మిషనులో చూస్తే 58. డెబ్బై లోపుకి పడితే పదిహేను గ్రాముల పంచదార, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ టెస్టు అని డాక్టరుగారు నేర్పిన లెక్క. ఆ పిల్ల గ్రాములు తూచలేదు, చెంచాలు లెక్కేసింది, సరిపోయింది.

ఇదే మీ కౌంటరు దగ్గరైతే? నా చుట్టూ చాక్లెట్లే. చెయ్యి చాస్తే అందుతాయి. కానీ ముందు బిల్లు వేయించాలట, స్టాఫ్ తమ బిల్లు తాము కొట్టుకోకూడదట, కాబట్టి పక్క కౌంటరులో లైన్లో నిలబడాలి. 58తో. అదీగాక చాక్లెట్‌లో కొవ్వుంటుంది, తీపి రక్తంలోకి నెమ్మదిగా వెళ్తుంది, ఆ సమయానికి ఉత్త పంచదారే మేలు. మరి పొట్లం జేబులో పెట్టుకుందామంటే యూనిఫాంకి జేబు లేదు. జేబుంటే సరుకు మాయమవుతుందట. బ్యాగు పై అంతస్తులో లాకర్లో పెట్టాలి. పంచదార బస్తాలు నిండిన షాపులో మూడు చెంచాలకి గతి లేకపోవడం, తాపేశ్వరంలో ఉండి కాజా దొరకలేదన్నట్టుంది.

అరలూ చూశానండోయ్. "డయాబెటిక్ రైస్" అని చిన్న సంచి, మామూలు బియ్యానికి మూడింతల ధర. నవ్వొచ్చింది. మా మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, షుగర్ని నిదానంగా పెంచే బియ్యాల్లో ఒకటని 2012లోనే ఫిలిప్పీన్స్‌లోని వరి సంస్థవాళ్ళు తేల్చారు. మా చేలల్లో పండించేది అదే. అది అమ్మేసి, ఆ డబ్బుతో తెల్లగా మెరిసే సన్నాలు కొనుక్కుని, ఆనక సంచీ మీద బొమ్మ చూసి మూడింతలు పెడతాం. ఆయ్, మాకంటే తెలివైనవాళ్ళు లేరండి.

ఇక దరఖాస్తు. అందులో "ఆరోగ్య సమస్యలు" అని ఒక గడి ఉంది. మా వదిన "రాయకు, రాస్తే ఇవ్వరు" అంది. మా ఆయన "రాసెయ్, తర్వాత గొడవుండదు" అన్నారు. ఎదురింటి పిన్నిగారైతే షుగరున్నదానివి ఉద్యోగమేంటే, ఇంట్లో కూచో అన్నారు. ఇంట్లో కూచున్నప్పుడే కదండీ 8.1 వచ్చింది! దేశంలో షుగరున్నవాళ్ళు పది కోట్ల పైనే అని 2023లో ఐసీఎంఆర్ వాళ్ళ లెక్క. అందరూ ఆ గడి నిజాయితీగా నింపితే బిల్లు కొట్టేదెవరు, బిల్లు కట్టేదెవరు? ఆ మేనేజరు కుర్రాడు కూడా ఒకసారి వేలు గుచ్చి చూసుకుంటే మంచిది. ఆ గడి ఖాళీగా వదిలేసి వచ్చాను. ధైర్యం చాలలేదు, ఒప్పుకుంటాను.

మీ చుట్టాలు బాగానే ఉన్నారట. కేరళలో బట్టల షాపుల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడితే 2018లో కూచునే హక్కు ఇచ్చారు. 2021లో తమిళనాడూ చట్టం చేసింది. అక్కడిదాకా వచ్చినవారు ఇంకొంచెం పైకి మా దాకా రావచ్చు కదా, దారిలో కృష్ణ దాటాలంటే వంతెనలు కూడా ఉన్నాయండీ.

చివరికి బాత్రూమెక్కడని అడిగి స్టోర్ రూంలోంచి వెళ్తుంటే మీరు కనిపించారు. నీలం ప్లాస్టిక్, ఒక చెయ్యి విరిగితే వైరుతో కట్టారు. మీ మీద డేటు దాటిన బిస్కెట్ల అట్టపెట్టెలు మూడు తాపీగా కూచున్నాయి. అన్నిటికన్నా పైది షుగర్ ఫ్రీ.

సరిపోతుందో లేదో చూసుకోమని యూనిఫాం ఇచ్చి పంపారు. నడుము దగ్గర వదులు, భుజాలు సరిపోయాయి. రాత్రి కూచుని లోపలివైపు కుడిపక్కన జేబు కుట్టాను, పంచదార పొట్లం పట్టేంత. బయటికి కుట్టు కనపడదు. ఆదివారం సాయంత్రంలోగా ఫోన్ చేసి వస్తానో రానో చెప్పమన్నారు. వస్తే ముందుగా ఆ మూడు పెట్టెలూ కిందకి దించుతాను. బరువేం ఉండవులెండి, బిస్కెట్లేగా.

ఇట్లు,
ఇంకా ఫోన్ చేయని అభ్యర్థిని